ఎడమ కాలు, కుడి కాలు

తెల్లవారకముందే వల కట్టాం.
మబ్బు ఇంకా చెట్ల మెడల్లోనే ఉంది.
చావియా కొండ మీద మిగిలిన అడవి ఎంతంటే
ఈ చివర దగ్గితే ఆ చివర వినపడేంత.

ఆరుంబావుకి వలలో బరువు.
నల్లటి తల, నారింజ ముక్కు,
డొక్కల మీద ఇటుక రంగు.
వకేషో దాన్ని విడదీస్తుంటే
పిల్ల జడలో చిక్కు తీస్తున్నట్టు ఉంటుంది:
ముందు కాళ్ళు, తర్వాత రెక్క, చివరికి తల,
మధ్యలో ఒక తిట్టు, దారానికి.

ఎడమ కాలు కొలిచింది. చెప్పింది. రాశాను.
కుడి కాలు కొలిచింది.
చెప్పలేదు.
మళ్ళీ కొలిచింది.

అర మిల్లీమీటరు కూడా ఉండదు తేడా.
పిట్టకి కుంటు లేదు,
ఎండుటాకులు తిరగేసి పురుగుల్ని బాగానే ఏరుకుంటుంది.
గుడ్డులో ఉన్నప్పుడెప్పుడో
దాన్ని కుడుతున్న చెయ్యి ఒక్క కుట్టు తడబడింది, అంతే.

రెక్క కింద సూది. ఒక బొట్టు నెత్తురు. దూది.
ఆ బొట్టు నైరోబీ వెళ్తుంది, అక్కణ్ణుంచి ఇంకెక్కడికో.
ఆర్నెల్లకి ఒక పట్టిక తిరిగొస్తుంది:
అవే అక్షరాలు, మళ్ళీ అవే జంటలు.
సగం ముక్కలు పోయిన పేక కట్టని
కలిపి కలిపి పంచుతున్నట్టు.
రాణి ఎప్పుడు జారిపోయిందో
ఆడేవాళ్ళెవరూ చూడలేదు.

ఎదురుగా న్గంగావ్ కొండ కనిపిస్తూనే ఉంటుంది.
అక్కడా ఇదే పిట్ట, ఇదే ఈల.
మధ్యలో క్యాబేజీ మళ్ళు, మొక్కజొన్న,
నీలగిరి తోపులు, రేకుల బడి,
మలుపు మలుపుకీ హారన్ కొట్టే మటాటు.
రెక్కలున్నదానికి ఇదీ ఒక దూరమేనా అంటారు చూడ్డానికొచ్చినవాళ్ళు.
పిట్ట అంచుదాకా వస్తుంది,
ఆఖరి కొమ్మ మీద కూచుంటుంది,
కాసేపు ఎండలోకి చూస్తుంది,
వెనక్కి తిరుగుతుంది.

వకేషోకి మొదటి సంబంధం వచ్చినప్పుడు
వాళ్ళ అవ్వ మ్ఘోయి
పిల్లాడి తరపు ముసలాళ్ళని కూచోబెట్టి అడిగిందట:
నీ తల్లెవరు, ఆమె తల్లెవరు, ఏ కొండ, ఏ పొయ్యి.
నాలుగో తరంలో ఒక పేరు కలిసింది.
చెరుకు కల్లు కుండ మూత తియ్యకుండానే
వెనక్కి పంపేసింది.
ఆ ఏడంతా అవ్వతో మాట్లాడలేదు వకేషో.
మరుసటేడు కొండ దాటి మటాటులో వచ్చినవాణ్ణి చేసుకుంది.

"దీన్నెవరు అడుగుతారు?" అంది
పిట్టని గుప్పిట్లో తిప్పుతూ.
ఇక్కడ మేనరికం ఆచారం కాదు,
వేరే ఇల్లు లేకపోవడం.
మొన్న ఒక గూట్లో రెండు గుడ్లూ పగల్లేదు.
తల్లి మాత్రం లేవలేదు,
లెక్క తప్పిన రోజులన్నీ కూచునే ఉంది.

పిట్టని వదిలేశాం.
మూడో వల దగ్గర్నుంచి వకేషో కేక.
పరిగెత్తాను, బురదలో చెప్పు ఒకటి ఉండిపోయింది.

పిట్ట కాలికి పాత ఉంగరం.
పచ్చది.
మేం ఇక్కడ పచ్చ వాడం.

ఎలా వచ్చిందో.
బడి వెనక కంచె పట్టుకునా,
వాన రాత్రి గాలి తోసిందా,
ఎవరి చొక్కాలోనైనా దాక్కునా.
వకేషో దాన్ని మొహం దాకా ఎత్తి
అచ్చం అవ్వ గొంతుతో మొదలెట్టింది:
నీ తల్లెవరు? ఏ కొండ? ఏ పొయ్యి?

పిట్ట ఆమె బొటనవేలు కొరికింది.

రాయడానికి పెన్ను తీశాను.
"అది తర్వాత," అంది
ఫ్లాస్కు వైపు గడ్డంతో చూపిస్తూ,
"ముందు మూత తియ్యి."