పదిహేడు పువ్వులు

పుంతా అరేనాస్‌లో గాలి ముదిరితే
వీధి మలుపుల్లో తాళ్లు కడతారు,
మనుషులు కొట్టుకుపోకుండా.
ఒకటి పట్టుకుని క్లినిక్ దాకా వచ్చాను.

"ఏమిటి బాధ?" అంది డాక్టర్ యాస్నా.
తలనొప్పి అన్నాను.
ఇరవై రెండేళ్లు నాకు. పీతల ఫ్యాక్టరీలో
పెంకులు పగలగొట్టడం వచ్చు,
జీతం కోసం మేస్త్రీతో గొడవపడటం వచ్చు.
ఇక్కడ మాత్రం నీళ్లు నములుతున్నాను.

బీపీ చూసింది. బాగానే ఉందట.
పెన్ను మూత పెట్టేసింది.
"తోడెవరైనా ఉన్నారా?"
ఎలియాస్. పడవ మీద వంట చేస్తాడు.
మంచివాడు. అడక్కుండానే అదీ చెప్పాను.
"అతనితో ఉన్నప్పుడు నొప్పి పుడుతుందా?"

బయట గాలెలా ఉందని అడిగినట్టే అడిగింది.
మా ఊళ్లో అది చిన్న ప్రశ్నేం కాదు.

"అందరికీ ఉండేదే కదా."
"ఎవరు చెప్పారు?"
ఎవరూ చెప్పలేదు.
పళ్లు బిగబట్టి
దుప్పటి అంచున పువ్వులు లెక్కపెట్టడం
మూడేళ్లుగా నాకు నేనే నేర్చుకున్నాను.
పదిహేడు.

"ఉండక్కర్లేదు," అంది.

కాగితం వెనక బొమ్మ గీసింది,
ఏ మాత్రం అందంగా లేదు.
ఒక్కో పేరూ పైకి చదివింది,
నర్సు వింటుందేమోనని నేను బెదిరేంత గట్టిగా.
తర్వాత నాచేత చదివించింది.
మూడో పేరు దగ్గర ఇద్దరికీ నవ్వాగలేదు.

పరీక్ష మంగళవారం.
"మధ్యలో వద్దనిపిస్తే వద్దను. ఆపేస్తాను."

వద్దు.
తాడు పట్టుకుని నడుస్తూ
ఆ మాట గాలిలోకి అని చూశాను,
ఒకసారి మెల్లగా, ఒకసారి మామూలుగా.

చీటీ అడుగున
తలనొప్పి మాత్ర కూడా రాసి ఉంది.