గోరంత ఎత్తున

నరసాపురం స్టేషన్ రోడ్డులో మా ఫ్లెక్సీ షాపు.
పగలంతా పుట్టినరోజులూ, పెద్దకర్మలూ,
ఓణీల ఫంక్షన్లూ.
రాత్రి తొమ్మిదిన్నరకి ఓనరు
షట్టరు సగం దించి పోతాడు.
మిగతా సగం మాది.

తెర మీద వలయాలు పుడతాయి.
ఒక్కోదాని చుట్టూ ఇంకో పెద్ద వలయం
బిగుసుకుంటూ వస్తుంది.
రెండూ ఒకటయ్యే క్షణానికి
గురి అక్కడుండాలి,
దరువు ఎడంచేతి వేలి కిందుండాలి.
ముందు నొక్కితే తప్పు, వెనక నొక్కితే తప్పు.
ఇంత సన్నని న్యాయం
ఈ ఊళ్ళో నేనింకెక్కడా చూళ్ళేదు.

నాది మౌసు. ఆరేళ్ళ నాటిది.
అడుగు అరిగిపోతే ప్లంబరు దగ్గర
తెల్ల టేపు అడిగి అంటించాను.
ఓడిపోయిన సర్పంచి ఫ్లెక్సీలో
రంగు చెడిన ముక్కే ప్యాడు.
ఆయన చెంప మీద జారుతుంది నా గురి.

మౌసుకి చోటు తెలీదు, దూరమే తెలుసు.
ఇక్కణ్ణించి ఇంత, అంతే.
అంచుకొస్తే ఎత్తి, వెనక్కి పెట్టి, మళ్ళీ తోస్తాను
కాలవలో మా చినమావయ్య గెడేసినట్టు,
దింపి, నొక్కి, లాగి, మళ్ళీ దింపి.
పడవెక్కడుందని గెడనడిగితే
అదేం చెబుతుంది?

సలోమిది పెన్నూ పలకా.
పగలు అదే పెన్నుతో
పోయినవాళ్ళ ఫొటోల్లో జుట్టు చుట్టూ కత్తిరిస్తుంది.
రాత్రి పలకంతా వాడదు.
వాళ్ళమ్మ అల్లే లేసు పువ్వంత జాగా
స్కెచ్ పెన్నుతో గీసుకుంది.
తెర మొత్తం అందులోనే.
ఈ మూలంటే ఆ మూలే, ఎప్పుడైనా అదే.
ముల్లు పలకని తాకదు,
గోరంత ఎత్తున గాల్లో తిరుగుతుంది.
"నువ్వు వెతుక్కుంటావు," అంటుంది,
"నేను వెళ్తాను."

వెళ్తుంది, నిజమే.
ఈ చివర్నించి ఆ చివరికి దూకే చోట
నేను చతికిలబడతాను.
కానీ వలయాలు చేపపిల్లల్లా
ఒకేచోట ముసురుకున్నప్పుడు
తన పెన్ను వణుకుతుంది, నా మౌసు బరువుగా నిలబడుతుంది.
జూన్ ఉక్కలో తన చెయ్యి పలకకి అతుక్కుంటే
వాళ్ళన్న పాత సాక్సు కోసి తొడుక్కుంది.
తనకి తొంభై ఎనిమిది పాయింటు నలభై ఒకటి.
నాకు ముప్ఫై ఏడు.
ఆ నాలుగు కోసం
ఎన్ని ఉల్లి సమోసాలు కొనిపెట్టానో.

ఒక రాత్రి మార్చుకున్నాం.
అలవాటుగా పెన్ను ఎత్తి పక్కన పెట్టాను.
గురి ఎగిరి ఎక్కడో మూల పడింది.
వెనక్కొచ్చి మళ్ళీ మొదలెట్టొచ్చనే ధీమా
ఆరేళ్ళుగా నా మణికట్టులో ఉందని
అప్పటిదాకా నాకు తెలీదు.
సలోమికి ఎత్తడం రాలేదు.
సర్పంచి చెవి దాటి, బల్ల దాటి,
మౌసుతోపాటు టీ గ్లాసుని కూడా
కింద పడేసింది.
ఇద్దరం నేల తుడుస్తూ నవ్వాం.
పాట తన మానాన అది మోగి,
సున్నా చూపించి ఆగింది.

ఆదివారం సఖినేటిపల్లికి ఫ్లెక్సీలు వేసుకుని
పంటెక్కాం.
సరంగు సూర్రాజు ముక్కుని రేవు వైపు పెట్టలేదు,
బాగా ఎగువకి పెట్టాడు.
"అదేంటి బాబాయ్?" అంది సలోమి.
"పాటు మీదుందమ్మా నీళ్ళు.
రేవుని చూసి పెడితే రేవు దాటిపోద్ది.
మనం వెళ్ళే టయానికి
అది మన ముందుకి రావాల."

"చూశావా, మౌసు!" అన్నాను.
"పెన్ను," అంది.
సూర్రాజుకి ఏమీ అర్థం కాక
బీడీ వెలిగించుకున్నాడు.

ఇంజను డుగుడుగుమంటోంది.
నేను డీజిల్ డ్రమ్ము మీద రెండు వేళ్ళతో పట్టుకున్నాను దాన్ని.
తను రెయిలింగుకి గోరంత ఎత్తున
చూపుడువేలు తిప్పుతూ
నీటి మీది గుర్రపుడెక్క తుంపుల్ని
ఒక్కొక్కటీ అందుకుంటోంది.
అవతలి ఒడ్డు పెద్దదై, ఇంకా పెద్దదై

పంటు రేవుకి తగిలింది,
ఒక్క దరువు ముందే.
సలోమి నాలిక చప్పరించింది.