నా వంతు

వైశాఖం. కబ్బన్ పార్కు బ్యాండ్‌స్టాండులో
ఇనుప స్తంభాలు ఇంకా చెయ్యి ఆననివ్వడం లేదు.
గాలి ఎటు తిరుగుతుందో తెలియక
స్వరాల కాగితాలకి అందరూ బట్టల క్లిప్పులు పెడుతున్నారు.
ఇఫ్ఫత్ చెల్లో ముందు రెండు ఎర్ర క్లిప్పులు,
పొద్దున ఆరేసిన దుప్పటి పీచు ఇంకా వాటి పళ్ళలో.

చిక్కపేట పట్టుకొట్లో లెక్కలు రాసే నన్ను
ఈ నలభై మందిలోకి తోసింది మా తాత మృదంగం.
ఆయన చేతులు నాకు రాలేదు. లెక్క వచ్చింది.
అందుకే డెన్జిల్ సారు నాకు
వాయించే పని కన్నా ఆగే పని ఎక్కువ ఇచ్చాడు:
రెండుచోట్ల వంచి, మూడోచోట కలపడం
మర్చిపోయిన స్టీలు కమ్మీ.
ట్రయాంగిల్. మా ఇంట్లో దాని పేరు సైకిల్ సామాను.

మొదటి సగం క్లాసికల్. నిదానంగా నడిచే రచన.
తొంభై ఆరు ఆవర్తాలు నేను ఊరికే నిలబడాలి.
తొంభై ఏడులో ఒక్కసారి,
ఉగ్గుగిన్నెకి చెంచా తగిలినంత.
అంతే. దానికి మూడు నెలల ఆదివారాలు.

ప్యాంటు జేబులో వేళ్ళు మడుస్తున్నాను.
పద్నాలుగు. ముందు వరసలో ఒకాయన
కార్యక్రమ పత్రంతో విసురుకుంటున్నాడు, తాళం తప్పి.
ముప్ఫై మూడు. గుల్‌మొహర్ రేకొకటి
హార్న్ గొట్టంలో పడింది, అతను తీసుకోలేడు, ఊదుతున్నాడు.
అరవై. హైకోర్టు ఎరుపు మీంచి ఎండ దిగిపోయింది.
అరవై ఒకటా, రెండా?
పొన్నమ్మ ఓబో ఊపిరి తీసుకునే చోటు తెలుసు కాబట్టి
అక్కణ్ణించి మళ్ళీ అందుకున్నాను.

తొంభై ఆరు.
తీగలన్నీ సన్నబడి, సన్నబడి...
కమ్మీ పైకెత్తాను.

టింగ్.

నాది కాదు.
కంచె అవతల ఐసుబండి గంట.
శ్రుతి వెంట్రుకవాసి ఎక్కువ. కాలం మాత్రం
తాతయ్య వచ్చి కొట్టినట్టు.
డెన్జిల్ సారు కళ్ళు మూసుకున్నాడు.
తెరిచి, నా వైపు బొటనవేలు ఎత్తాడు.
అబద్ధమాడ్డానికి నోరు అక్కర్లేదు,
చెయ్యి దించకుండా ఉంటే చాలు.

రెండో సగం సినిమా పాటలు.
కన్నడంలో ఒకటి, తమిళంలో ఒకటి, మనది ఒకటి,
చరణం తెలియనివాళ్ళు పల్లవే మళ్ళీ మళ్ళీ.
మొదటి సగమంతా దగ్గు బిగబట్టిన జనం
కుర్చీలు తోసేసి లేచారు.
ట్రాఫిక్ కానిస్టేబుల్ లాఠీతో బూటు తడుతున్నాడు.
గంటసేపు ముఖం ముడుచుకున్న డబుల్ బాస్
ఇప్పుడు నడుము ఊపుతున్నాడు.
నేను కొట్టాను. ఎడాపెడా కొట్టాను.
ఒక్క దెబ్బా ఎవరికీ వినబడలేదు.

ఆఖరి పాట సగంలో మామిడి జల్లు.
ప్లాస్టిక్ కుర్చీలన్నీ నెత్తిమీదికి ఎక్కాయి.
క్లిప్పులు కాగితాన్ని పట్టుకున్నాయి గానీ
సిరాని పట్టుకోలేకపోయాయి.
ఇఫ్ఫత్ గొడుగు చెల్లోకి ఇచ్చి తను తడిసింది.

చెట్టుకింద ఐసుబండి. అతని పేరు రుద్రేశి.
"ఇందాక నా చోట మీరు గంట కొట్టారు" అన్నాను.
"ఎవరి చోటు? పాతికేళ్ళుగా ఇక్కడ నా బండే" అన్నాడు కోపంగా.
ఆరెంజ్ ఐసు కొన్నాను. చిల్లర అడగలేదు.

మెట్రో స్టేషన్లో సంచీ మిషన్లోంచి బయటికొచ్చాక
సెక్యూరిటీ ఆవిడ కమ్మీని రెండు వేళ్ళతో పట్టుకుంది.
"ఏమిటిది?"
"వాద్యం."
"ఇదా? వాయించు, చూద్దాం."

వెనక వరసంతా తడి గొడుగులు, విసుగు.
చెప్పుల చప్పుడు ఒక్క క్షణం ఆగేదాకా ఆగాను,
ఆగడమే కదా నాకు వచ్చింది.
అప్పుడు, ఉగ్గుగిన్నెకి చెంచా తగిలినంత,
ఒక్కసారి.

"సరే, పో" అంది.