కంచెకు మత్తు

డాక్టర్ బిర్నా కాగితం మీద మూడు గళ్లు గీసింది.
కిటికీ అవతల టోర్స్‌హావ్న్ రేవులో
సగం రంగు వేసి వదిలేసిన పడవ ఒకటి.

"నీ ఒంటి కాపలా నీ పేగునే కరుస్తోంది.
దానికి కాస్త మత్తు ఇవ్వాలి," అంది.
కంచే చేను మేస్తోందన్నమాట.
మా దీవిలో కంచెలన్నీ రాళ్లు,
మేసేవి గొర్రెలు.
ఇక్కడ రెండూ నేనే.

మొదటి గడి: రోజూ మింగే మాత్ర.
మొదట్లో వారం వారం నెత్తురు పరీక్ష,
కాలేయం అలిగితే ఆపేయాలి.
ఏడాదికి పదివేల మందిలో ఏ ఐదుగురికో
లింఫు గ్రంథుల్లో క్యాన్సర్ రావచ్చు.
"ఎండలో ఎక్కువ తిరగకు" అని కూడా అంది.
నాకు నవ్వొచ్చింది, ఆమెకూ వచ్చింది.
ఎండ కాస్తే పక్కింటి తలుపు తట్టి
చెప్పుకునే ఊరు మాది.

పదివేలు నాకు పరిచయం లేని అంకె.
మా ఊళ్లో ఉన్నది నూట అరవై రెండు మంది.
తిరుగు బస్సులో లెక్క మొదలెట్టాను.
పడవల ఇంజిన్లు విప్పే హ్యాల్‌గ్రిమ్,
చర్చిలో పాటకు ఎప్పుడూ ముందే లేచే ఎల్స్‌పా,
కొండ కింది కవలలు, వాళ్ల కుక్క
(కుక్కను తర్వాత తీసేశాను).
సొరంగం వచ్చేసరికి నూట పదకొండు.
ఇలాంటి ఊళ్లు అరవై రెండు కావాలి పదివేలకు.
అందర్నీ ఒడ్డున నిలబెట్టి
ఐదుగుర్ని వేలెత్తి చూపమంటే
ప్రతిసారీ వేలు
నావైపే మడత పడుతోంది.

రెండో గడి: వారానికో సూది. పాతది, చవక.
వాడినన్నాళ్లూ కడుపు రాకూడదు.
కడుపు కోసం కడుపు వదులుకోవాలి.
పేగు నిలవాలంటే
పేగు తెంచుకుని పుట్టాల్సినవాళ్లు
ఇంకొన్నాళ్లు ఆగాలి.
నాకు ముప్పై ఆరు.
బ్రాండుర్ ఏమీ అనలేదు.
బంగాళదుంప తొక్కను ఒకే రిబ్బనులా తీస్తూ తీస్తూ
చివర్లో తెంపేశాడు.

మూడో గడి: ఎనిమిది వారాలకోసారి ఆసుపత్రి కుర్చీ,
నరంలోకి రెండు గంటల చుక్కలు.
ఒకనాటికి ఒళ్లు దాన్నీ గుర్తుపట్టి తరిమేయొచ్చు.
ముందుగా క్షయ లేదని తేలాలి.
మా ముత్తవ్వ క్షయతోనే పోయింది,
ఆ మాట మా ఇంట్లో ఇప్పటికీ గొంతు తగ్గించే అంటారు.
"కాపలా పడుకుంటే ఆవిడ లేస్తుందా?" అని అడిగాను.
డాక్టర్ ఈసారి నవ్వలేదు.
ఛాతీ ఎక్స్‌రే రాసింది.

నేను పనిచేసేది పసిపిల్లల బడిలో.
పన్నెండు ముక్కులు, పన్నెండూ కారేవే.

నాలుగో గడి ఆమె గీయలేదు,
బస్సు కుదుపులో నేనే గీశాను:
ఏదీ వాడకపోవడం.
దాని దుష్ఫలితాలు ఏ డబ్బాలోనూ చీటీగా మడిచి పెట్టరు.
రోజుకు పద్నాలుగుసార్లు తలుపు గడియ.
ఫెర్రీ ఎక్కగానే కళ్లు వెతికేది సీటు కాదు.
గిన్నెలు తోముతుంటే
వేలు సన్నబడి జారిపోయిన ఉంగరం.
నిరుడు కోసి తీసేసిన పేగు నలభై సెంటీమీటర్లు,
మూరకు కాస్త తక్కువ.
పూలదండా ఇది,
అడిగినప్పుడల్లా మూర తెంచి ఇవ్వడానికి?

ఎక్స్‌రే బాగానే వచ్చింది.
ముత్తవ్వ నాలో లేదు,
ఉన్నా పడుకునే ఉంది.
మూడో గడి కింద గీత గీశాను.
భయం తగ్గిందని కాదు,
భయాల్లో దీనితో బతకడం వచ్చేమోనని.
పిన్ని ఎండబెట్టిన గొర్రెమాంసం తినొచ్చో లేదో
అడగడం మరిచాను.

సోమవారం తైతుర్ పరుగున వచ్చి
నా స్వెటర్ చేతికి ముక్కు తుడుచుకున్నాడు.
చెయ్యి వెనక్కి తీసుకోలేదు.
వాడు ఇసుకలోకి వెళ్లిపోయాక
మోచేతుల దాకా కడుక్కున్నాను,
రెండుసార్లు.