అట్టల్లేని మూడు నవలలు

పూర్ణా మార్కెట్ వెనక సందులో
మా బైండింగు కొట్టుకి
గౌరినాయుడు తువ్వాల్లో చుట్టి తెచ్చాడు
అట్టల్లేని మూడు నవలలు.
పేర్లు పోయాయి, రాసినవాళ్లు పోయారు,
జంతువులు మాత్రం లోపలే ఉన్నాయి.

అతను జూలో రాత్రి కాపలా.
రేసుకుక్కల కంచె ముందు ఓ బల్ల, ఓ టార్చిలైటు,
రోడ్డవతల సముద్రం.
"అయి మొరగవండి, ఈలేస్తాయి,
ఏ బుక్కులోనూ రాయనేదు ఆ ముక్క."

కుట్టేవాడు చదవకూడదనేవాడు మా నాన్న,
జిగురు ఆరిపోతుందని.
చదివాను.
రెండుసార్లు ఆరిపోయింది.

మొదటిది ఎలుగుబంటి కథ.
తల్లిని చంపిన వేటగాడే కూనని పెంచుతాడు,
పాలు పట్టిన చేత్తోనే తుపాకీ తుడుచుకుంటూ.
రెండోది గుర్రం, బొగ్గుగనిలో పదకొండేళ్లు
వెలుగు మరిచిపోయింది.
మూడోదాంట్లో ఓ కుర్రాడు, ఓ డేగ.
చలికాలమంతా అతని మణికట్టే దాని కొమ్మ.

మూడు దేశాల మంచు, కాకపోతే ఒకటే మంచు.
ఉక్కపోత తప్ప ఎరగని నాకు
ఫారాలు విప్పుతుంటే వేళ్లు కొంకర్లు పోయాయి.
మూడింట్లోనూ మనిషి ముందు పేరు పెడతాడు.
పేరు పలికాక తాడు కడతాడు.
తాడు తెగినరోజు,
అరణ్యమంటే ఏమిటో తనకి తెలిసిందంటాడు.
తెలిసేది తన ఇల్లు ఎంత ఖాళీయో, అంతే కదా.

నిజానికి చదవక్కర్లేదు,
ఎక్కడ ఎక్కువ నలిగిందో కాగితమే చెబుతుంది.
మూడు పుస్తకాల్లోనూ చివరాఖరికి ముందు
ఒక్కో పేజీ మూల నల్లగా, మెత్తగా,
పాత రూపాయి నోటులా.
ఎలుగు వాగు దాటి, ఆగి,
ఒక్కసారి వెనక్కి చూసే పేజీ.
గుర్రం, గుడ్డిదైనా సరే, మెడ తిప్పే పేజీ.
డేగ ఇంటి కప్పు మీద ఒక్క చుట్టు
అదనంగా తిరిగే పేజీ.

బొటనవేలు ఆనించి చూశాను, సరిపోయింది.
నాది కాదు ఆ మరక,
ఎందరిదో.

పుస్తకాలకి వచ్చినప్పుడు అడిగాను,
"నిజంగా తిరిగి చూస్తాయా నాయుడూ?"
తువ్వాలు దులుపుకున్నాడు.
"తుఫానుకి కంచె మీద సెట్టు పడిపోనాది ఓపాలి.
ఓ నక్క. తొమ్మిదేళ్లు నా సేతి కూడు తిన్నాది.
కంబాలకొండ ఏపు పోనాది. నాను సూస్తన్నాను.
పోనాది, అంతే."
మరి ఆ పేజీ అన్నిసార్లు ఎందుకు చదివావనబోయి
డబ్బులు లెక్కపెట్టుకున్నాను.

వీపు మీద ఏం పేరు అచ్చు కొట్టమంటావంటే
"పేరెందుకండి మళ్లీ" అన్నాడు.
నల్ల కాలికో, బంగారు గీత ఒక్కటి.
మూడూ ఒక్కలాగే ఉన్నాయి,
ఏది ఎవరిదో తెరిస్తేగాని తెలీదు.

ఒకటి చెప్పడం మరిచాను.
ఎలుగు పుస్తకం పాత వీపు ఊడదీసినరోజు
ఓ వెండిపురుగు బయటికొచ్చింది.
ఎలుగు తల్లిని సగం తినేసింది అదే,
మంచు కురిసిన పేజీలన్నీ జల్లెడ.
అన్ని నవలల మీదుగా నడిచిన జంతువు అదొక్కటే,
దాని గురించి ఎవరూ రాయలేదు.

మైదా ఉడుకుతోంది.
మైలుతుత్తం పొట్లం విప్పి
ఎప్పటంతే కలిపాను, నీలంగా,
చిటికెడు కూడా తగ్గించలేదు.
అది బల్ల చెక్క దాటి
గోడ పగులు వైపు పోయింది.
నేను చూస్తూనే ఉన్నాను.

ఆగలేదు.