బండ తూకం

ఆవాలు చిటపటలాడే ముందే
మంట ఒక్కసారి నీలంగా పైకి లేచి
సద్దుమణిగింది.
మూకుడులో నూనె నా మొహం వైపు చూస్తోంది.

క్రాప్రెడీ దగ్గర కాలువ మీద, జనవరి, పొద్దున ఆరున్నర.
రాత్రంతా బ్యాన్‌బరీ ఆస్పత్రి లాండ్రీలో
పరాయివాళ్ల దుప్పట్లు మడిచి వచ్చిన చేతులు.
పడవ ముక్కు దగ్గర ఇనప అర మూత ఎత్తితే
ఎర్ర బండ, నూగు మంచు కప్పుకుని.
తడితే ఖాళీ బిందె మాట.

ఎడమ మర ఇది.
లోకంలో మరలన్నీ ఒక వైపు తిరిగితే
గ్యాసు మర మాత్రం ఎదురు తిరుగుతుంది.
మొదటి ఏడాది బిగించబోయి విప్పాను,
విప్పబోయి బిగించాను,
స్పానర్ కాలువలో పడేసుకున్నాను.
ఇంకా అక్కడే ఉంది, చేపలకి తెలుసు.

నీలం బండ కొంచెం చవక.
కానీ నీళ్లు గడ్డకట్టే రోజున
దాని లోపలి గ్యాసుకి కూడా లేవబుద్ధి కాదు,
ముసుగు తన్ని పడుకుంటుంది.
అందుకే ఎరుపు.
నేను పడవ కొన్న ఏడు యాభై ఎనిమిది పౌండ్లు,
తర్వాత డెబ్భై ఒకటి.
మొన్న ఇంధనం పడవ రోవెనా
ధర చెప్పే ముందు చేతి తొడుగులు తీసి
మళ్లీ తొడుక్కుంది.
"తొంభై నాలుగు" అంది, నీళ్ల వైపు చూస్తూ,
తప్పు తనదైనట్టు.

అప్పట్నుంచీ కందిపప్పు ఒక్క పొంగు రానిచ్చి
పాత రజాయిలో గిన్నెని చుట్టేసి డ్యూటీకి పోతాను.
వచ్చేసరికి తనంతట తనే ఉడికి ఉంటుంది.
ఇగురు కూరలు మానేశాను.
ఇగరడమంటే పౌండ్లు ఆవిరవడమే.

ఆ పొద్దున రోవెనా రాదు.
ఎక్కడో లాకు తలుపు విరిగి
ఆమె పడవ నాప్టన్ దగ్గరే ఆగిపోయింది.

గట్టు బాట మీద చక్రం కీచుమంది.
ఒంటిచక్రం బండిలో తన సగం బండతో విల్ఫ్.
డెబ్భై తొమ్మిదేళ్లు, ఒక చెవి వినపడదు,
రెండోది వినాలనుకోదు.
ఎలా తెలిసిందంటే
"నీ కిటికీలోంచి వాసన రాలేదు" అన్నాడు.

బండతో పాటు బాత్రూం తూకం మిషను కూడా తెచ్చాడు.
గడ్డకట్టిన మట్టి మీద నిలబెట్టి
ముల్లు ఆగేదాకా ఊపిరి బిగబట్టాడు.
ఇరవై ఒకటిన్నర.
బండ భుజం మీద సుద్దతో రాశాడు.
"అరువు. దానం కాదు."

మా వైపు దీన్ని బండ అంటామని చెప్పాను,
బండంటే రాయి కూడా అని.
గుదిబండ సంగతి కూడా చెబుదామనుకుని
ఆ వినపడే చెవి ఏ వైపో గుర్తురాక ఊరుకున్నాను.
"బాండా" అన్నాడు,
నోట్లో వేడి బంగాళాదుంప పెట్టుకున్నట్టు.

మర చుట్టూ సబ్బు నురుగు పూసి
ఇద్దరం వంగి చూశాం. బుడగ లేవలేదు.
ఆవాలు చిటపటలాడాయి.
అతనికి వినపడలేదు గానీ
మూకుడులోకి తొంగిచూసి
ఎగిరేవాటిని లెక్కపెట్టబోయాడు.

పప్పు పెట్టాను. చింతపండు పులుపుకి
ఒక కన్ను మూసుకున్నాడు, గిన్నె మాత్రం వదల్లేదు.
"ఇది లెక్కలోకి రాదు" అన్నాడు మూతి తుడుచుకుంటూ.

పదకొండు రోజులకి రోవెనా వచ్చింది.
తొంభై నాలుగూ చేతిలో పెట్టి
ఖాళీది ఎక్కించి నిండుది దించుకున్నాను.
విల్ఫ్ బండ తోసుకుంటూ వెళ్లాను.
గ్యాసుని గరిటెతో కొలిచి తిరిగి పోయలేం కదా,
తనది అయిపోయిన రోజు నాది పట్టుకెళ్లి
సరిగ్గా అంతే కాల్చుకుని తిరిగిస్తాడట.

ముల్లు పంతొమ్మిది దాటి ఓ గీత మీద ఆగింది.
మధ్యలో కురిసిన వానకి
భుజం మీది సుద్ద రాత పోయింది.
"రెండు కిలోల మూడు వందలు బాకీ" అన్నాను గట్టిగా.

"మూడు వందల యాభై" అన్నాడు,
కొత్త సుద్దముక్క కోసం
జేబులన్నీ తడుముకుంటూ.