పేరు తప్పిన చెట్టు

శుక్రవారం, మూడు దాటింది.
జనవరిలో నెదర్ ఆడ్లింగ్‌కి నాలుగున్నరకే చీకటి.
కారు వెనక సీట్లో టేపు, జనపనార తాడు,
ప్లాస్టిక్ కవర్లో ప్రింటరు వేడి ఇంకా ఆరని ఉత్తర్వు.

నేను జిల్లా కౌన్సిల్‌లో చెట్ల అధికారిని.
అవును, అలాంటి ఉద్యోగం ఒకటుంది.
పెళ్లిళ్లలో చెబితే నవ్వుతారు,
తర్వాత పక్కకు పిలిచి
పొరుగువాడి కంచె ఎత్తు గురించి అడుగుతారు.

1971 నాటి మ్యాపులో ఒక నల్లని సున్నా.
పక్కన టి-నాలుగు.
జాబితాలో టి-నాలుగు అంటే హార్న్‌బీమ్.
సున్నాలో నిలబడ్డది బీచ్.

గోరింజ్ గారి లాయరు ఉత్తరం చాలా పొట్టి:
ఉత్తర్వు కాపాడేది హార్న్‌బీమ్‌ని.
అక్కడ హార్న్‌బీమ్ లేదు.
కాబట్టి అక్కడ ఉత్తర్వు లేదు.
శనివారం ఏడింటికి రంపం వస్తుంది.

ఆకులుంటే తేల్చడం తేలిక:
హార్న్‌బీమ్ ఆకు అంచుకి రంపపు పళ్లు,
బీచ్ ఆకు అంచుకి
పసిపిల్ల చెవి మీది నూగు.
ఇప్పుడు మొగ్గలే సాక్షులు.
కొమ్మకు అతుక్కుని పడుకుంటే అది,
కొమ్మను కాదని సూదిలా బయటికి చూస్తే ఇది.
చూశాను. అన్నీ సూదులే.
లాయరు చెప్పింది నిజం.

ఆనాటి జాబితా టైపు చేసిన మిస్ ఒట్టిలీ పాస్క్
చెట్టుకెదురింట్లోనే ఉంటుంది. తొంభై మూడేళ్లు.
తలుపు తీసి, గొలుసు తీయకుండానే అంది:
"తప్పు నాది కాదు.
ఊరంతా దాన్ని హార్న్‌బీమ్ అనేవాళ్లు.
మా నాన్న అన్నాడు, పాదిరీ అన్నాడు.
విన్నది కొట్టాను."
కాసేపాగి,
"మరి ఇన్నాళ్లూ ఎవరూ నరకలేదుగా?"

నరకలేదు.
చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్లని చూశాను.
ఇది ఇంకో చెట్టు పేరు చెప్పుకుని
యాభై మూడేళ్ల ఎండ తాగింది.

నేల నుంచి మీటరున్నర ఎత్తున టేపు చుట్టాను.
ఈ పనిలో కౌగిలించుకోక తప్పదు.
ఏనుగు కాలి లాంటి బెరడు, చెంపకి చల్లగా.
ఎవరో ఎప్పుడో చెక్కిన ఆర్, ఎమ్
చెట్టుతోపాటు లావెక్కి
ఇప్పుడు ఎవరి పేరూ కాకుండా పోయాయి.
మూడు మీటర్ల నలభై.

కొత్త ఉత్తర్వు. ఈ క్షణం నుంచే అమలు,
ఆరు నెలలకే హామీ, ఆపైన కమిటీ దయ.
మేకు కొట్టకూడదు,
మొదటి గాయం మా కాగితానిదే అయితే ఎలా?
తాడుతో కట్టాను.
జాతి అన్న గడిలో రాసిన పేరుని
అక్షరం అక్షరం మళ్లీ చదివాను.
ఇంగ్లీషులో ఒక్క అక్షరం జారితే
బీచ్ సముద్రపు ఒడ్డవుతుంది,
అక్కడ ఇసుక లేదంటాడు లాయరు.

శనివారం నాకు సెలవు.
అయినా ఏడింటికి అక్కడే ఉన్నాను.
రంపం మనిషి పేరు కెన్వర్డ్.
టార్చి వేసి, పెదాలు కదుపుతూ మొత్తం చదివాడు.
రంపాన్ని వ్యాన్‌లోకి తోసి ఫ్లాస్కు తీశాడు.
"ఇంతకీ ఏం చెట్టిది?"

చెప్పాను.
ఇద్దరం తలెత్తాం.
ఆకుల్లేని కొమ్మల్లో గాలి
ఎక్కడో దూరాన అల విరిగినట్టు.

"మా ఆవిడది ఈ ఊరే.
హార్న్‌బీమ్ అంటుంది," అన్నాడు
మూతలో టీ నాకు పోస్తూ.